ఏలీయా కాగితం

గుణుపురం మిషన్ బంగళా వసారాలో
ఒకే పటంలో ఇద్దరు.

ఎర్ర శాలువా, ఉంగరం, ఎత్తు కుర్చీ:
బిషప్ సుమంత రైతో గారు.
రంగులన్నీ ఆయనకే అయిపోయాయేమో,
గుమస్తా బోనెల ఏలీయాకి
బూడిద చొక్కా మిగిలింది.

బిషప్ మనల్ని చూస్తాడు.
ఏలీయా ఆయన పెదాలను చూస్తాడు
కలం ఎత్తి,
సవర మాట తెలుగులోకి దిగే లోపు.

ఆదివారం వచ్చినవాళ్లు
ఆ చేతికిందున్న కాగితాన్ని తాకి
కళ్లకద్దుకుంటారు. వాక్యమట.
ఒడియా గుండ్రాలు వచ్చిన పిల్లలకి
ఈ గుండ్రాలు రావు.

కళ్లజోడు తుడుచుకుని చదివాను:
కిరసనాయిలు రెండు సీసాలు.
అమ్మకి క్వినైను.
మూడు నెలల జీతం ఇంకా—

అక్కడ రంగు అరిగిపోయింది.
వేళ్లన్నీ అక్కడే ఆగేవి కాబోలు.

నావీ ఆగాయి.