నంబరు లేని చిరునామా

ముప్పై ఆరేళ్ళు ఓస్లో తపాలా కేంద్రంలో
నిలబడి ఉత్తరాలు విడదీశాను.
గైలో అంటే మూడు ఐదు ఎనిమిది సున్నా,
ఫిన్సె అంటే ఐదు ఏడు ఒకటి తొమ్మిది.
ఎక్కాల్లా ముక్కున పట్టిన ఊళ్ళు,
ఒక్కదాని ముఖమూ ఎరగను.

ఇప్పుడు అవే
ఒక్కొక్కటీ కిటికీ దగ్గరికొచ్చి
హాజరు పలుకుతున్నాయి.

కండక్టరు కుర్రాడు టికెట్టు చూసి నవ్వాడు.
అరవై ఏడు దాటితే మాకు సగం చార్జీ,
దానికి మా భాషలో పేరు 'గౌరవం'.
గౌరవం సగం ధరకే దొరుకుతుందని
ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

ఎదుటి సీట్లో మా ఆయన ఐవిన్
టోపీ మొహమ్మీదికి లాక్కుని గుర్రు పెడుతున్నాడు.
బతుకంతా ఫెర్రీ నడిపినవాడు,
కొండెక్కే బండిలో ఆయనకేం పని?
"నీళ్ళొస్తే లేపు" అన్నాడు.
నీళ్ళు వస్తూనే ఉన్నాయి,
ఏరు, సరస్సు, మళ్ళీ అదే ఏరు, అద్దం మీద వాన.
లేపలేదు.
ఇవి నా ఊళ్ళు. కాసేపు నన్ను చూడనీ.

ఇదిగో ఓల్! రాస్తే రెండే అక్షరాలు.
ఈ ఊరికి ఉత్తరం రాసేవాళ్ళకి
సిరా మిగిలిపోతుందనుకునేదాన్ని.
చూస్తే నిజంగానే చిన్నది,
ప్లాట్‌ఫారం మీద ఒక సైకిలు, ఒక కుక్క.

గైలో దాటాక చెట్లు కుదించుకుపోయాయి,
భుజం దాకా, మోకాలి దాకా,
ఆపైన నాచు, బండలు,
జూన్ నెల్లో కూడా కరగనని మొండికేసిన మంచు.
కాగితం విప్పి రొట్టె, గోధుమరంగు జున్ను తిన్నాను
కళ్ళు తిప్పకుండా.
ఎందుకంటే ఇక్కడే ఎక్కడో ఉండాలి.

ఎనభై ఎనిమిది జనవరి, రాత్రి షిఫ్టు.
కవరు మీద పసిపిల్ల చేతిరాత:
"రాగ్నిల్ పెద్దమ్మకి,
ఫిన్సె తర్వాత, రెండో మంచు గూడు దాటాక,
ఎర్ర ఇల్లు, రైలుకి చెయ్యి ఊపే వైపు."
స్టాంపు తలకిందులు.
పంపినవాళ్ళ ఊరూ పేరూ లేవు.
నియమం ప్రకారం పక్కన పడెయ్యాలి.
కాఫీ చల్లారిందాకా చేతిలో పట్టుకుని
ఫిన్సె అరలోకి జారవిడిచాను.
అందిందో లేదో.
ఉత్తరాలు విడదీసేవాళ్ళకి జవాబులు రావు.

మొదటి మంచు గూడు.
చెక్కల సందుల్లోంచి వెలుగు టకటకమంటూ
పేకముక్కలు కలిపినట్టు.
రెండోది.
బయటికి.

ఒక ఇల్లు. ఎరుపే, లేదా ఒకప్పటి ఎరుపు.
మెట్ల మీద నీలం బకెట్టు.
చెయ్యి ఎత్తేలోపే సొరంగం,
అద్దంలో నా మొహానికి నేనే చెయ్యి ఊపుతూ.

"అది ఎవరిల్లు?" కండక్టరుని అడిగాను.
"ఇక్కడన్నీ ఎర్ర ఇళ్ళేనండీ" అన్నాడు మర్యాదగా.
ఆ ఉత్తరం నాటికి వాడింకా పుట్టలేదు.

మిర్దాల్‌లో బండి మారి
ఫ్లోమ్ లోయలోకి మెలికలు తిరుగుతూ దిగాం.
జలపాతం ముందు రైలు ఆగింది.
అందరికంటే ముందు దూకింది ఐవిన్!
రెయిలింగు పట్టుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి,
డెక్కు మీద నిలబడ్డట్టు నిలబడి,
కళ్ళజోడు నిండా తుంపర.
"ఇంత తొందరేమిటే దీనికి,
ఎటు పోయినా సముద్రమేగా" అన్నాడు.
పింఛను మొదలయ్యాక ఆయన అన్న
మొదటి పెద్ద మాట అది.

కింద రేవు దగ్గర కార్డు కొన్నాను.
"ఎవరికి?" అన్నాడు. చెప్పలేదు.

'రాగ్నిల్ గారికి,
లేదా ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవారికి.
మీ నీలం బకెట్టు చూశాను.
నేనూ చెయ్యి ఊపాను, ఆలస్యంగా.'

చిరునామా ఆ పిల్ల రాసినట్టే రాశాను.
నంబరు వేలికొసన ఉంది,
అయినా వెయ్యలేదు.

ఇప్పుడన్నీ యంత్రాలే విడదీస్తాయట.
ఇది చదవలేక యంత్రం పక్కకి తోస్తుంది.
అప్పుడు రాత్రి షిఫ్టులో ఎవరో ఒకరు
చేత్తో ఎత్తి చూడాలి,
కాఫీ చల్లారిందాకా.