అమీర్‌పేట నిష్పత్తి

బంగారంతో బంగారాన్ని గుద్దిస్తే
రెండు వందల జీఈవీ దగ్గర గీత
ఒకటి నుంచి అయిదో వంతుకు కుంగింది.
వింతేం కాదు.
పొద్దున తొమ్మిదింటికి అమీర్‌పేట మెట్రోలో
నేనూ ముబీనా చెరోవైపు విడిపోతాం.
తను అంచునే ఉంటుంది, ఇట్టే బయటపడుతుంది.
నేను గుంపు నడిమధ్య నలిగి
ఊపంతా పంచిపెట్టి
చున్నీ ఎవరి జిప్పుకో వదిలి తేలతాను.

ఏడు పాయింట్ ఏడు దగ్గరేమో
గీత ఒకటిని దాటి లేచింది.
"ఇక్కడ గుంపే లేదు మేడం."
నాగలత మేడం తొరక కట్టిన టీ జరిపి
"వెనకనుంచి తోసినవాళ్లను తీసేశావా?" అన్నారు.

రాయదుర్గం, ఆఖరి రైలు.
పదిమందిమి కూడా లేం.
దిగబోతుంటే ఎవరిదో మోచెయ్యి.
రెండడుగులు ముందుకే పడ్డాను.

ముందుకే.
ఖాళీ ప్లాట్‌ఫాం మీద నిలబడి
ఏం పోయిందో తడుముకున్నాను.