మడతపేచీ

ఫ్రాంక్‌స్టన్ స్టేషన్ ఎదురుగా
తాళంచెవులు చేసే కొట్టుకీ, గోళ్ళకి రంగులేసే కొట్టుకీ మధ్య
ఆరడుగుల బల్ల నాది.
పట్టకార్లు, భూతద్దం, సన్నసన్నటి మరమేకులు,
ప్రాణం పోయిన ఫోన్ల డబ్బా ఒకటి.

వచ్చినవాళ్ళంతా అడిగేది ఒకటే:
మడత ఫోన్ కొనొచ్చా?

వద్దంటాను.
రెండున్నర వేల డాలర్లు పోసి
జేబులో కీలొకటి పెట్టుకు తిరగడమెందుకంటాను.
మనవాళ్ళయితే అక్కడే రూపాయల్లోకి మార్చి
వాళ్ళే నాలిక్కరుచుకుంటారు.
తలుపుకైనా కిర్రుమనేది కీలు దగ్గరేగా,
మనిషికైనా ముందు వయసొచ్చేది మోకాలికేగా.

సముద్రం ఇక్కడికి నాలుగు వీధుల దూరం.
ఎండాకాలం ఇసకే నడిచొస్తుంది ఫోన్లలోకి.
నిరుడు జనవరిలో ఒక్క వారంలో పదకొండు కీళ్ళు విప్పాను.
ఆవగింజలో సగం ఉంటుంది రేణువు.
ఆ సగం చాలు.
కరెంటు పనిచేసే డారెన్ ఫోన్లో
ఇసకతో పాటు రొట్టెపొడి కూడా దొరికింది.
ఇళ్ళ ప్లాన్లు పెద్దగా కనపడతాయని కొన్నాడట.
ఇప్పుడు వంటిల్లు, వరండా కనపడుతున్నాయి,
పడకగదుల మీద ఆకుపచ్చ గీతల వాన.

మా నాన్న చీరాలలో బట్టల కొట్టు గుమస్తా.
అమ్ముడుపోని పట్టుచీరల్ని నెలకోసారి విప్పి
మడత మార్చి పెట్టేవాడు.
ఒకే గీత మీద ఉంచితే
పట్టయినా అక్కడే చీలుతుందిరా అనేవాడు.
ఈ ఫోన్లతో అదే మడతపేచీ:
రోజుకి వందసార్లు మూసినా
మడత మార్చే వీల్లేదు.

ఇదంతా నేను చాలా నమ్మకంగా చెబుతుండేవాణ్ణి,
మొన్న మంగళవారం దాకా.

లోర్నాకి చెవులు వినపడవు.
ఫోన్ బల్ల మీద పెట్టి, నా రసీదు పుస్తకం లాక్కుని రాసింది:
మధ్యలో నల్లగీత. బాగవుతుందా?
ఏడొందల ఎనభై, అని రాశాను.
ఊరుకోక కింద ఇంకో ముక్క:
ఈ డబ్బుకి మామూలు ఫోన్ కొత్తదే వస్తుంది.

చదివి నవ్వింది.
ఫోన్ని సగం మడిచి
చిన్న కుర్చీలా నా బల్ల మీద కూర్చోబెట్టింది.
ఏ ఆసరా లేకుండా కూర్చుంది అది.
నల్లగీతకి పైన, హోబర్ట్ నుంచి, వాళ్ళ చెల్లెలు.
వంటింట్లో ఉంది, మోచేతుల దాకా పిండి.

లోర్నా మాట్లాడింది.
రెండు చేతులతో.
వేళ్ళు, మణికట్లు, భుజాలు, కనుబొమలు,
ఎవరి మీదో చాడీ అయ్యుంటుంది, అంత రుచిగా చెప్పింది.
చెల్లెలు పిండి రాలేలా నవ్వింది.
పక్కన తాళంచెవుల మరకి పళ్ళు జివ్వుమంటుంటే
ఆ ఇద్దరికే ఏ అడ్డూ లేదు.

తర్వాత రాసింది:
పాత ఫోన్ ఒక చేత్తో పట్టుకునేదాన్ని.
మిగిలిన చేత్తో మాట్లాడితే
తొమ్మిదేళ్ళు నత్తి నాకు.

స్టాండ్ దొరుకుతుంది కదా, ఎనిమిది డాలర్లకి,
అని రాయబోయి ఆగాను.
బస్టాప్ బెంచీ మీద, ఆస్పత్రి మంచం మీద,
దాన్నెక్కడ వెతుక్కుంటుంది?
అయినా ఆ లెక్క ఇంకా పూర్తిగా తేలలేదు నాకు.
తెర నాకు పడేదే ఆరొందల తొంభై.
నా తొంభై కొట్టేశాను.
నా సలహా కూడా కొట్టేశాను, రెండుసార్లు గీసి.

ఆమె వెళ్ళాక ఒక కుర్రాడొచ్చాడు, బీచి నుంచి సరాసరి.
మడత ఫోన్ కొనొచ్చా అన్నాడు.
నీ చేతులకి ఏం పనుంది? అన్నాను.
వాడు చేతులకేసి చూసుకున్నాడు.
ఒకదాంట్లో ఐస్‌క్రీమ్, కారుతోంది.
రెండోది నా బల్ల మీద ఆనించాడు, నిండా ఇసక.
తియ్యి నాయనా, అన్నాను,
అక్కడ కీలొకటి విప్పి ఉంది.