కొసరు

ఎల్ ఆల్టో సంతలో దుంపలు తూచే త్రాసుకి
ఒక అలవాటుంది.
కిలో తూగాక ఇంకో రెండు పైన వెయ్యకపోతే
ఎవరూ సంచీ మూతి కట్టనివ్వరు.

నువ్వు పుట్టినప్పుడు ముల్లు
తొమ్మిదివందల పది గ్రాముల దగ్గరే ఆగింది.
కొసరు మాట దేవుడెరుగు,
అసలుకే తరుగు.

మనది పదమూడు వేల అడుగుల ఎత్తున్న ఊరు.
గాలి ఇక్కడ అందరికీ అప్పు మీదే దొరుకుతుంది.
గాజుపెట్టెలో నీకు మాత్రం
గొట్టంతో ధారగా పోశారు.
ఆ గాలే నిన్ను నిలబెట్టింది.
ఆ గాలే నీ కంటి వెనక
సన్నటి నెత్తుటి తీగల్ని అడ్డదిడ్డంగా పాకించింది.
డాక్టరమ్మ సిల్వేరియా కాగితం మీద గుండ్రంగా గీసి చెప్పింది:
మధ్య మిగలాలంటే అంచులు కాల్చాలి.
సంతకం పెట్టాను,
ఒక్కో అక్షరం రెండుసార్లు దిద్ది.

నా పని కేక.
మినీబస్సు తలుపుకి వేలాడుతూ
"సేహా! సేహా! సాన్ పెడ్రో!" అని
రోజంతా పేటల పేర్లు దుమ్ములోకి విసురుతాను.
నా వీపు మీది చారల దుప్పట్లో
నువ్వు దారులన్నీ చెవులతోనే నేర్చుకున్నావు.
అందుకే నాకు ఆలస్యంగా తెలిసింది.

రొట్టెను ముక్కుకి ఆనించుకుంటే
వాసన చూస్తున్నావనుకున్నాను.
ఎప్పుడూ కుడివైపే గుమ్మం తగిలి బొప్పి కడితే
అల్లరనుకున్నాను.
బడిలో పంతులమ్మ మొద్దు అంది.
ఒక రాత్రి ఆ మాట నేనూ అన్నాను.
అది దాచను.

నాలుగేళ్లు నిండాక పరీక్ష.
గోడ మీద బొమ్మలు: ఇల్లు, ఆపిల్, గొడుగు.
ఇల్లు చూపిస్తే రొట్టె అన్నావు.
గొడుగు చూపిస్తే నా గొంతు కోసం ఇటు తిరిగావు.
వీధి ఆ చివరికి వినిపించే నా నోరు
చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

కుడికన్నుకి వెలుగూ చీకటీ తెలుస్తాయట, అంతే.
ఎడమకంటికి సీసా అడుగంత మందం అద్దం,
నీలం ఫ్రేము,
తల చుట్టూ సాగే పట్టీ.

ఆసుపత్రి మెట్లు దిగుతూ పైకి చూశావు.
చూసి, ఏడ్చావు.
"అమ్మా, వాటికి తాడుంది!"

లోయ మీద రోజూ తిరిగే కేబుల్ పెట్టెలు.
ఎర్రటి మచ్చలు, ఊదా మచ్చలు.
ఇన్నాళ్లూ నీకవి వాటంతటవే ఎగిరేవట.
నాలుగేళ్లలో ఒక్కసారీ
ఏం కనిపిస్తోందిరా అని నేనడగలేదు.

మందులకొట్టు అరుగు మీద కూర్చున్నాం.
అద్దాలు తీశావు. తాడు పోయింది.
పెట్టుకున్నావు. వచ్చింది.
మళ్లీ తీశావు.
మూడు బస్సులు మన పేట పేరు అరుచుకుంటూ వెళ్లిపోయాయి,
ఆ అరిచేవాళ్లంతా నాకు తెలుసు,
ఎవరికీ చెయ్యెత్తలేదు.

"లింబెర్, ఒకసారి ఇలా ఇవ్వు."
నీ అద్దాలు నా ముక్కుకి ఇరుకు.
కొండ చెదిరింది, మెట్లు చెదిరాయి,
నీ మొహం కూడా.

"ఎగురుతున్నాయా?"

ఎగురుతున్నాయిరా.