ఎవరు పెద్ద

చకల్తాయా కొండ మీద రాత్రి షిఫ్టు.
ఐదు వేల రెండొందల మీటర్ల ఎత్తు. గాలి సగమే,
ఆ సగాన్నీ కిరోసిన్ స్టవ్వు, నేను పంచుకుంటున్నాం.
టిక్.
డిటెక్టర్ పెట్టెలోంచి ఒక మ్యూయాన్ దూసుకుపోయింది.

కాపలా మనిషి ఎలియోదోరా
కోకా ఆకు బుగ్గన పెట్టుకుని మేజోడుకు మాటు వేస్తోంది.
"ఇవి ఎంతకాలం బతుకుతాయి?"

రెప్పపాటును లక్ష ముక్కలు చెయ్యి, అన్నాను,
అందులో ఒక ముక్క.
వెలుతురు పక్కన పరిగెత్తినా
ముప్పాతిక కిలోమీటరు దాటకుండా చావాల్సిన ప్రాణి.
పుట్టిందేమో మన నెత్తిమీద పది కిలోమీటర్ల పైన.

"మరి ఇక్కడికెలా వచ్చింది?"

అదే మరి.
అంత పరుగులో దాని గడియారం మందగిస్తుంది.
మనది ముప్పైసార్లు కొట్టేలోపు
దానిది రెండుసార్లు.
టికెట్ లేకుండా రేపటిలోకి వచ్చేసింది.
తిరుగు బండి మాత్రం లేదు.
టిక్. టిక్.

ఎలియోదోరాకి ఒక కవల ఉంది, బసీలియా.
కింద ఎల్ ఆల్తో సంతలో ఎండు బంగాళాదుంపలు అమ్ముతుంది,
నూటికి మూడు వడ్డీకి అప్పులిస్తుంది.
ఇద్దరిలో ఎవరు ముందు పుట్టారో
చెప్పకుండానే పోయింది మంత్రసాని.
యాభై ఏళ్లుగా అదే తగువు.

నా దగ్గర లెక్క ఉంది, అన్నాను.
భూమి లాగుడు కాలం కాళ్లకూ తగులుకుంటుంది,
కింద కాస్త ఈడుస్తూ, పైన కాస్త తేలిగ్గా నడుస్తుంది.
ఇరవై ఆరేళ్లు ఈ కొండ మీదున్నావు,
నలభై నాలుగు మ్యూయాన్లు
ఒకదాని వెనక ఒకటి పుట్టి చచ్చేంత
ఎక్కువ బతికావు దానికంటే.

సూది ఆగింది.
"అయితే నేనే పెద్ద?"
అది పది నిమిషాలు ముందు పుట్టి ఉంటే మాత్రం
సెలవు పెట్టకుండా ఇక్కడే
పదహారు కోట్ల ఏళ్లు కాపలా కాయాలి.
"జీతం పెంచితే చూద్దాం," అంది.

స్టవ్వు మీద నీళ్లు త్వరగా మరుగుతాయి ఇక్కడ,
టీ మాత్రం ఉడకదు.

"వెలుతురును దాటిపోతే?"
జవాబు ముందొచ్చి, ప్రశ్న తర్వాత పుడుతుంది.
బసీలియా అప్పు వసూలు చేసుకుని
ఆ తర్వాత ఇస్తుంది.
ఒక దారి ఉందంటారు కాగితం మీద:
ఓడ కదలదు, ముందున్న చోటు ముడుచుకుంటుంది,
వెనకున్న చోటు ఉబ్బుతుంది.
దానికి కావాల్సింది ఋణశక్తి.
మా భాషలో ఋణమంటే అప్పే, అన్నాను.
ఎంతసేపు నవ్విందో.
"అంత అప్పు మా చెల్లెలు కూడా ఇవ్వదు."
చెల్లెలు అంది. గమనించాను.

నాలుగింటికి బయటికొచ్చాం.
చుక్కలు పాత ఉత్తరాల్లా ఇప్పుడే అందుతున్నాయి.
ఆమె చెయ్యి ఎదురుగా చాచింది:
"ఐమరాలో నిన్న ఇక్కడుంటుంది, కళ్ల ముందు.
రేపు వీపు వెనక. చూడనిది కదా."

నా తెలుగును తడుముకున్నాను.
ముందు చెప్పానుగా అంటే అయిపోయింది,
ముందుంది ముసళ్ల పండగ అంటే రావలసింది.
మాది ఎటు తిరిగి నిలబడిందో
ఇన్నాళ్లూ అడగలేదు నేను.

ఆమె చెయ్యి చూపిస్తున్న చోట ఒక తుప్పు చక్రం,
పాత కారు ఇంజను.
దాంతో తాడు లాగి, జారేవాళ్లను
పైకి ఎక్కించేవాడు వాళ్ల నాన్న.
జారడానికి అప్పుడు మంచు ఉండేది.
ఇప్పుడు రాళ్లు.
ఆమె మాత్రం కళ్లు చిట్లించింది,
తెల్లటిదాన్ని చూసేటప్పుడు చిట్లించినట్టు.

వెనక్కి వెళ్లే యంత్రం గురించి
ఆ తర్వాత అడగలేదు.

లోపల పెట్టె
మేం లేనప్పుడు కూడా లెక్కపెడుతూనే ఉంది.