తరుగు

ఆదివారం యార్డుకి సెలవు.
నా చేతులకి మాత్రం లేదు.
ఎంత సబ్బు రుద్దినా గోళ్ళ సందుల్లో
శనివారం నాటి తేజా ఘాటు
కాళ్ళు చాపుకుని కూర్చునే ఉంటుంది.

కాటా గుమాస్తాని.
ఇరవైమూడేళ్ళుగా మిరప టిక్కీల బరువు రాయడం తప్ప
ఏ ఆటా ఎరగనివాణ్ణి.
మొన్నటేడు మే నెలలో
లారీ మీంచి హమాలీ విసిరిన నీళ్ళ సీసాని
తొడిమలు తీస్తున్న ఓ పిల్ల
తల తిప్పకుండా ఒంటిచేత్తో పట్టేసింది.
ఎక్కడ నేర్చావే అన్నాను.
"గోల్‌కీపర్ని గుమాస్తాగారూ" అంది,
ఏదో సర్కారు ఉద్యోగం చెప్పినట్టు.

మస్తాన్‌బీ. సంగడిగుంట.

అప్పట్నుంచీ మొదలైంది నాకీ పిచ్చి.
మా గ్రౌండుకి గ్యాలరీ లేదు, ఓ ప్రహరీగోడ ఉంది.
గోడ నీడ ఎటు జరిగితే అటు జరిగే
పదిహేడుమందిమి మేం.
గోలీసోడా బండి కోటయ్య, ఇద్దరు కుర్రాళ్ళు,
ఎందుకొస్తాడో చెప్పని ఓ రిటైర్డు పోస్టుమాను,
ఎస్తేరు వాళ్ళమ్మ దీవెనమ్మ.
ఆవిడ గొంతు ఒక్కటే పదిమంది పెట్టు.
ప్రార్థన, తిట్టు ఒకే ఊపిరిలో వస్తాయి ఆవిడకి.

కాటా చీటీ వెనక పాయింట్లు రాసుకుంటాను.
గెలుపుకి మూడు. డ్రాకి ఒకటి.
పైన రెండు జట్లే ఎక్కుతాయి మొదటి డివిజన్‌కి.
మేం మూడో వరసలో ఉన్నాం.
చివరాట బెజవాడ వాళ్ళతో.
గెలిస్తే ఎక్కుతాం, అంతే లెక్క.
అయినా రాత్రి మూడుసార్లు లేచి కూడాను,
బస్తా పగిలిందేమోనని లేచి చూసుకునే రైతులాగా.

మొదట వాళ్ళే కొట్టారు.
తర్వాత తులసీబాయి మా గోల్ కొట్టింది.
ఎలా కొట్టిందో అడగొద్దు,
దుమ్ము లేచింది, దుమ్ములోంచి బంతి లేచింది.
అప్పుడే నల్లపాడు వైపు పోతున్న గూడ్సు
గట్టిగా కూత పెట్టింది.
మాకోసమే అనుకున్నాం, అనుకుంటే పోయేదేముంది.

ఇంకో ఐదు నిమిషాలుందనగా
రెఫరీ వాళ్ళకి పెనాల్టీ ఇచ్చాడు.
దీవెనమ్మ దేవుణ్ణి వదిలేసి రెఫరీని పట్టుకుంది.
నాకు నుదుటి మీంచి చెమట కారింది.
తువ్వాలు సోడాబండి మీద మర్చిపోయాను.
చెయ్యి మర్చిపోలేదు, చేతిలో ఏముందో మర్చిపోయాను.

రుద్దుకున్నాను.

అంతే, లోకం మొత్తం కారం.
గోల్‌పోస్టు లేదు, ఎండ లేదు,
రెండు నిప్పుకణికల వెనక నేనొక్కణ్ణే.
విజిల్ వినపడింది.
పరుగు. నాలుగడుగులు, ఐదు.
తర్వాత, కాటా బల్ల మీద
టిక్కీ పడ్డప్పటి చప్పుడు:
దబ్బు.
ఆ చప్పుడు నాకు నిద్రలో కూడా తెలుసు.
బరువు నిలిచింది. జారలేదు.

పోస్టుమాను నన్ను కావలించుకుని ఏడ్చాడు.
నేను ఎలాగూ ఏడుస్తూనే ఉన్నాను.

కోటయ్య సోడాతో కళ్ళు కడిగేసరికి
ఆట అయిపోయింది. ఒకటీ ఒకటీ.
పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ కూలబడి
బూట్ల లేసులు విప్పుతున్నారు, నెమ్మదిగా,
ఆ ముళ్ళు ఎప్పటికీ అవకూడదన్నట్టు.
చీటీ తిప్పి చూశాను.
ఎన్నిసార్లు కూడినా ఒక్క పాయింటే తక్కువ.

సోమవారం పొద్దున్న యార్డులో
ఎర్రటి గుట్ట ముందు కూర్చుని ఉంది మస్తాన్‌బీ,
ముక్కుకి చున్నీ, కుడి మోచేతికి పట్టీ.
"ఎంతలో పోయింది గుమాస్తాగారూ?"
"ఒక్కటి."
కాయ తుంచి తొడిమ అవతల పారేసింది.
"తరుగు కింద కోసేశారనుకోండి."

ఎంతమంది రైతుల చీటీల మీద
ఎన్ని కిలోలు ఆ మాట కింద రాశానో.
ఎవరూ ఇంత తేలిగ్గా అనలేదు.

కాసేపాగి, తల ఎత్తకుండానే అడిగింది:
"పెనాల్టీ ఆపడం చూశారా?"

"విన్నానమ్మా" అన్నాను.