ముప్పై ఐదో వంతు

పగలంతా డార్లింగ్టన్ నోళ్ళకి పళ్ళు చేస్తాను.
తెలుపులో పదహారు తెలుపులు:
టీ తాగేవాళ్ళ తెలుపు, సిగరెట్టు మానేసినవాళ్ళ తెలుపు,
పెళ్ళి నెలరోజులుందనగా వచ్చి అడిగే తెలుపు.
సాయంత్రం అవే చేతులు, అవే పనిముట్లు.
వంటగది బల్ల మీద పాత పేపరు పరిచి
సైనికుణ్ణి చేస్తాను.

పెట్టెలో అతను ముక్కలుగా వచ్చాడు,
ప్లాస్టిక్ కొమ్మకి కాసిన పిందెల్లా.
తల ఒకచోట, నడుము ఒకచోట,
ఎడమకాలు ఏడో నంబరు.
తొడిమ దగ్గర కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది
జిగురు పెడితే నిలబడ్డాడు.
మనిషిని అతికించడం ఇంత సులువా అని
ప్రతిసారీ కాస్త సిగ్గేస్తుంది.

పెట్టె మీది బొమ్మలో అతను చేతిబాంబు విసురుతున్నాడు,
నోరు బార్లా తెరిచి.
నోళ్ళ సంగతి నాకు తెలుసు.
అరిచే నోటికీ ఆవలించే నోటికీ తేడా
కింది పెదవి మూల గోటి అంచంత పుట్టీ.
అది పెట్టాను. నిద్ర చాలనివాడయ్యాడు.
మోచేతి దగ్గర కోసి, వేణ్ణీళ్ళలో ముంచి వంచి,
పిడికిట్లోంచి బాంబు గిల్లేశాను.
ఇప్పుడా చెయ్యి
మేజోడు ఆరేస్తోంది.

దండెం కుదరడానికే మూడు రాత్రులు.
దారం మోకులా కనబడింది, రాగితీగ మెరిసిపోయింది.
చివరికి నా తలలోంచే ఓ నెరిసిన వెంట్రుక పీకి
రెండు అగ్గిపుల్లల మధ్య లాగి కట్టాను.
మేజోడు, జిగురులో నానబెట్టిన టిష్యూ.
బురద, వాడేసిన టీపొడీ ప్లాస్టరూ, పైన వార్నిషు.
ఎండిందా, అది బురద కాదు, వట్టి మట్టి.
అందుకే వార్నిషు.

రంగుసీసా మీద 'ఒంటిరంగు' అని ఉంది.
ఎవరి ఒంటిదో రాయలేదు.
ఏదైతేనేం, వారాల తరబడి నీళ్ళలో నానిన పాదానికి
ఆ సీసా పనికిరాదు.
చిగుళ్ళకి వాడే గులాబీలో ఒక చుక్క నీలం,
కాస్త బూడిద, వేళ్ళ సందుల్లో ఇంకాస్త.
కళ్ళు ఆఖరున.
మూడు పోగుల కుంచె, బిగబట్టిన ఊపిరి.
మొదటిసారి జడుసుకున్నాడు.
తుడిచాను. రెండోసారి నావైపే చూశాడు.
అదింకా భరించలేక మళ్ళీ తుడిచాను.
మూడోసారికి మేజోడు వైపు చూశాడు.

గురువారం చర్చి హాల్లో
విల్ఫ్ హార్‌బాటిల్ భూతద్దం పెట్టుకుని వంగాడు.
డెబ్బై తొమ్మిదేళ్ళు, రైలింజన్ల ఫిట్టరు,
గుండీల లెక్క తప్పితే ఊరుకోడు.
"కాలిపట్టీ చీలమండ నుంచి పైకి చుట్టాలి," అన్నాడు, "బాగానే చుట్టావు."
"మరి తుపాకీ?"
బడిలో దొరికిపోయిన పిల్లలా, "లోపలుంది," అన్నాను.
లోపల అంటూ ఏమీ లేదు. అంచు దాటితే చెక్కపీట.
చాలాసేపు చూశాడు.
"రెండో మేజోడేదీ?"
"కాలికే ఉంది. ఒకదానికి సరిపడా ఎండే కాసింది."
విల్ఫ్ ఏమీ అనలేదు.
పుస్తకంలో మార్కులూ వేయలేదు.
కుర్చీలో కూలబడి, ప్యాంటు అంచు ఎత్తి
జారిన తన మేజోడు పైకి లాక్కున్నాడు.

ఇంటికొచ్చి పీట అల్మారాలో పెట్టాను,
బల్ల ఊడ్చాను, పేపరు దులిపాను.
గిల్లేసిన ఆ బాంబు ఎక్కడా దొరకలేదు.
ఆవగింజకి అన్నలా ఉంటుంది, అదే రంగు.
గిల్లిన రాత్రి పక్కనే
పోపులపెట్టె మూత తీసి ఉన్నట్టు గుర్తు.

ఆదివారం పప్పులోకి పోపు పెట్టాను.
ఆవాలు చిటపటలాడి ఆగాయి.
మంట తగ్గించి, మూకుడు మీదికి వంగి
చెవి పెట్టి విన్నాను.

ఒకటి ఇంకా పేలలేదు.